ముక్కుకు గొట్టం తగిలించుకుని దక్షిణ దీవి

న్యూజీలాండ్ దక్షిణ దీవి చూసొచ్చిన వాళ్లనెవరినైనా అడగండి, అక్కడి సరస్సుల రంగు గురించి అరగంట చెబుతారు. నన్నడిగితే ఏ ఊళ్లో మంచం పక్కన ప్లగ్గు ఉందో, ఏ ఊళ్లో లేదో చెబుతాను. అందుకు నన్ను తప్పు పట్టకండి. ఆరు రోజుల ప్రయాణంలో మంచు కొండల కంటే ముందు నా కళ్లు వెతుక్కున్నవి ప్లగ్గులే.

నేను ఆక్లండ్‌లో బస్సు డ్రైవర్‌ని. ఆల్బనీ నుంచి సిటీలోకి బస్సుల కోసమే వేసిన రోడ్డు ఒకటుంది. ఎనిమిదేళ్లుగా దాని మీద తిరుగుతున్నాను. నంద్యాలలో సైకిల్ కూడా తొక్కని మనిషిని, ఇక్కడికొచ్చాక నలభై మందిని వెనక కూర్చోబెట్టుకుని నడపడం నేర్చుకున్నాను. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువేనని మా ఆయన ప్రభాకర్ అంటుంటారు. ఆల్బనీలోనే ఒక ఆఫీసులో కంప్యూటర్ ఉద్యోగం ఆయనది.

ఈ మధ్య డ్రైవర్లకు చేసే మెడికల్ చెకప్‌లో డాక్టరు నన్ను గురక పెడతారా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే తోడొచ్చిన మా ఆయన, ఇల్లు అదిరిపోతుందని చెప్పేశారు. అడగని వాళ్లకు కూడా చెప్పే అలవాటు ఆయనది. పరీక్షలు చేశారు, స్లీప్ ఆప్నియా అని తేల్చారు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోతుందట, మెదడు ఉలిక్కిపడి మనిషిని కదిలిస్తుందట, మళ్లీ ఆగుతుందట. రాత్రంతా ఇదే పని. మనకు ఒక్కటీ గుర్తుండదు, పొద్దున లేస్తే మాత్రం మూటలు మోసినంత అలసట. ఇలాంటి మనిషి చేతికి బస్సు ఇవ్వరు. బస్సే కాదు, వైద్యం కుదిరిందని కాగితం వచ్చేదాకా కారు కూడా ముట్టుకోవద్దన్నారు.

ఆ కాగితం రాయాల్సింది స్లీప్ క్లినిక్‌లో మెరే అనే నర్సు. ఆమె నాకు సీప్యాప్ మిషన్ ఇచ్చింది. మిషన్ నుంచి ఒక గొట్టం, గొట్టం చివర ముక్కు మీద పెట్టుకునే మాస్కు. గాలిని ఒత్తిడితో లోపలికి పంపి గొంతు మూసుకోకుండా చూస్తుంది. పైగా ఎన్ని గంటలు పెట్టుకున్నాం, ఎన్నిసార్లు ఊపిరి ఆగింది అన్నీ రాసిపెట్టుకుంటుంది. నెల రోజులు, రోజుకు కనీసం నాలుగు గంటలు ఆ రికార్డులో కనబడితే కాగితం, కాగితం ఉంటే బస్సు. దీనికి ముందే పళ్ల డాక్టరు చేసిచ్చిన తొడుగు ఒకటి నా దగ్గరుంది. పైపళ్లకూ కిందిపళ్లకూ తగిలించుకుంటే కింది దవడను ముందుకు లాగి పట్టుకుంటుంది. అది ఒక్కటే నాకు చాలలేదు. అయినా దగ్గర పెట్టుకోమంది మెరే. జలుబు చేసి మాస్కు పెట్టుకోలేకపోతే ఆ రాత్రికి తొడుగు వేసుకుని నాకు ఫోన్ చెయ్యి, ఆ రోజులు లెక్కలోంచి తీసేస్తాను అంది. ఈ మాట గుర్తుంచుకోండి.

ఇంట్లో కూర్చుని నేను అందరి మీదా కసురుకుంటుంటే, సెలవు ఎలాగూ వచ్చింది కదా, పోయొద్దాం పద అన్నారు మా ఆయన.

ఆక్లండ్ విమానాశ్రయం

సెక్యూరిటీలో మిషన్ బయటికి తీయించారు. ఒకామె గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పేలుడు మందు ఏమైనా ఉందేమోనని గుడ్డముక్కతో తుడిచింది. వెనక నిలబడ్డ పెద్దాయన, ఇది హుక్కానా అని అడిగాడు. నేను వివరించేలోపు మా ఆయన వెళ్లి కుర్చీలో కూలబడి, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి నిద్రపోయారు. చుట్టుపక్కల నలుగురు తిరిగి చూసేంత గురక. తట్టి లేపాను.

"నిద్ర కాదు పద్మా, కళ్లు మూసుకున్నా అంతే," అన్నారు.

ఇంకో సంగతి. మిషన్ వచ్చాకే నేను మా ఆయన గురక మొదటిసారి విన్నాను. ఇరవై రెండేళ్లు నాదే ముందు మోగడం వల్ల నాకు వినబడలేదన్నమాట. ఆ మాట చెబితే ఆయన నమ్మలేదు. మిషన్ చప్పుడు విని ఆయనదనుకున్నానట.

రిక్కార్టన్

క్రైస్ట్‌చర్చ్‌లో రిక్కార్టన్ అనే పేటలో మా రమణమ్మ పిన్ని ఇంట్లో దిగాం. చదువుకోవడానికొచ్చి ఇక్కడే ఉద్యోగంలో కుదిరిన కొడుకు దగ్గర ఉంటోంది. రిక్కార్టన్ నిండా మన పిల్లలే, బొరుగుల ప్యాకెట్టు నుంచి ఎండు కొబ్బరి దాకా దొరకనిది లేదు. పొద్దున్నే ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ చేసింది. మా ఊళ్లో హోటల్లో తిన్నదానికి ఏమాత్రం తీసిపోలేదు. ఆక్లండ్‌లో మేముండే మౌంట్ రాస్కిల్ వీధిలో ఇంత కారం తింటే పక్కింటివాళ్లు అంబులెన్సు పిలుస్తారు.

నేను చేసిన తప్పు ఒక్కటే. పొద్దున బాత్రూంలో మా ఆయన ఉన్నారని, దవడ తొడుగును వంటింటి సింకులో కడిగి, ఒక గిన్నెలో వేసి ఆరడానికి పక్కన పెట్టాను. ముందు రోజు రాత్రి మాస్కే పెట్టుకున్నాను, ఊరికే కడిగానంతే. స్నానం చేసి వచ్చేసరికి గిన్నె బయట మెట్ల మీద ఎండలో ఉంది. అందులో తొడుగు పచ్చగా ఉంది. వంకరగా కూడా ఉంది.

నోట్లో పెట్టుకునే వస్తువు, ఎంగిలిది, తాగే నీళ్ల పక్కన పెట్టానని పిన్నికి మనసు ఒప్పలేదట. నాతో అంటే బాధపడతానని, తనే కెటిల్‌లో నీళ్లు మరగబెట్టి, చిటికెడు పసుపు వేసి, రెండుసార్లు పోసిందట.

"ఎంగిలి పోయిందిలే పద్మా, ఇంగ బాగా శుభ్రంగా ఉంది. మీ చిన్నాయన పళ్లసెట్టు కూడా నేను ఇట్లనే కడుగుతాంటి," అంది.

తొడుగును నోట్లో పెట్టుకుని చూశాను. కుడివైపు పళ్లకు ఎక్కింది, ఎడమవైపు గాలిలో నిలబడింది. మరిగే నీళ్లు తగిలితే ఆ ప్లాస్టిక్ మెత్తబడుతుందని డబ్బా మీద రాసే ఉంది, కానీ పిన్ని డబ్బాలు చదివే రకం కాదు. ఏమనగలను? నాలుగు బజ్జీలు ఆమె చేతివి కడుపులో ఉన్నాయి. నిజం చెప్పాలంటే మా ఇంటికొచ్చిన చుట్టం పళ్లసెట్టు నా సింకు పక్కన పెడితే నేనూ నీళ్లు మరగబెట్టేదాన్నే. మా ఆయన మాత్రం అద్దె కారెక్కేదాకా నవ్వు ఆపుకుని, ఎక్కాక టెకపో దారి పట్టేదాకా నవ్వారు.

టెకపో

బస్సు డ్రైవర్‌ని పక్క సీట్లో కూర్చోబెట్టి కారు నడపడం ఎవరికీ మంచిది కాదు. ఇక్కడ పల్లె దారుల్లో చాలా వంతెనల మీద ఒక్క బండికే చోటుంటుంది, ఎవరు ఆగాలో బాణం గుర్తు చెబుతుంది. మా ఆయనకు ఆ బాణం వంతెన మధ్యలోకి వెళ్లాక కనబడుతుంది. రోడ్డు అంచు గీత మీద గరుకు గడ్డలు వేస్తారు, చక్రం ఎక్కితే కారంతా గడగడలాడుతుంది. భోజనం అయ్యాక, జెరాల్డిన్ అనే ఊరు దాటిన తర్వాత ఆ గడగడ రెండుసార్లు వినిపించింది. రెండోసారి నేను అరిచాను. ఎండకి కళ్లు చికిలించానన్నారు. ఎండ మా వెనక ఉంది.

టెకపో సరస్సు నిజంగానే నీలం. అక్కడ గాలి కోత పెడుతుంటే, వచ్చినందుకు తినాల్సిందేనని మా ఆయన పళ్ల ఐస్‌క్రీం కొనిపెట్టారు. ఎనిమిది డాలర్లు. ఆ ఐస్‌క్రీమూ ఆ గాలీ కలిసి సాయంత్రానికి నా ముక్కు మూసేశాయి. మిషన్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్ కూడా అయిపోయింది. చిన్న కొట్టుకు, ఇక్కడ డెయిరీ అంటారు, వెళ్లి అడిగాను. గుజరాత్ నుంచి వచ్చిన ఆ ఓనరు ఎంతో ఆప్యాయంగా కారు బ్యాటరీలో పోసే నీళ్ల సీసా తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. ఇది ముక్కుతో పీల్చాలి అన్నాను. నీళ్లు నీళ్లే కదా దీదీ అన్నాడు. దండం పెట్టి వచ్చి, కాచి చల్లార్చిన నీళ్లు పోశాను.

పొద్దున మిషన్ తెర మీద ఒక గంట పది నిమిషాలు అని చూపించింది. ముక్కు మూసుకుని ఉంటే మాస్కులోంచి వచ్చే గాలి ఎటు పోవాలో తెలియక చెవుల్లోకి తంతుంది. భరించలేక ఎప్పుడు పీకేశానో నాకే తెలియదు. తొడుగు ఉంటే వేసుకునేదాన్ని, మెరేకి ఫోన్ చేసేదాన్ని. పసుపు పూసుకున్న తొడుగు సూట్‌కేసులో వంకరగా నవ్వుతోంది. కాగితం ఒక నెల వెనక్కి పోతుందేమోనన్న భయంతో, ఎదురుగా ఉన్న కొండల్ని ఆ పొద్దున నేను సరిగ్గా చూడనైనా లేదు.

ట్విజెల్

ఇక్కడ సాల్మన్ చేపను పచ్చిగానే కోసి పెడతారు. మా ఆయన ఒక ముక్క తిని, రెండో ముక్కకు ముందు కారులోంచి నిమ్మకాయ ఊరగాయ తెచ్చుకున్నారు. పక్క బల్ల దగ్గరున్న ఈ దేశపు పిల్ల ఒకతె అడిగి మరీ ఊరగాయ రుచి చూసి, కళ్లలో నీళ్లతో బాగుందంది.

మోటెల్ ఓనరు పేరు గ్రేమ్, డెబ్బై ఏళ్లుంటాయి. నా చేతిలో మిషన్ సంచి చూడగానే, నాదీ అదే అంటూ లోపలికి వెళ్లి తన మాస్కు తెచ్చాడు. బెంచీ మీద కూర్చుని ఇద్దరం మాస్కులు పోల్చుకున్నాం. ఎంతోమంది మన వాళ్ల మధ్య దాచుకున్న వస్తువును పరాయి ఊళ్లో ఒక పరాయి మనిషితో ఎండలో పెట్టుకుని మాట్లాడటం బాగుంది. ముప్పై ఏళ్లు పెంచిన గడ్డాన్ని ఈ మాస్కు కోసం తీసేశాడట, వెంట్రుకలుంటే పక్కల నుంచి గాలి పోతుందట. ఒకప్పుడు పాల ట్యాంకర్ నడిపేవాడట. ఒక మధ్యాహ్నం ట్యాంకర్‌తో సహా కంచె తెంచుకుని పొలంలోకి వెళ్లిపోయాడట.

"నిద్రొస్తున్నట్టు ఒక్కసారి కూడా అనిపించలేదు. అదే దీంతో చిక్కు," అన్నాడు.

ఇది మా ఆయనకు వినిపిద్దామని గదిలోకి వెళ్లాను. మా ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. ముక్కు మీద నా మాస్కు. మాస్కు కింద మీసం. మీసం సందుల్లోంచి గాలి బుస్సుమంటోంది. మిషన్ నడుస్తోంది.

లేపి అడిగితే ఎంతో తెలివైన పని చేసినట్టు లేచి కూర్చున్నారు. మిషన్ మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నం దాకా ఒక రోజుగా లెక్కపెడుతుందని పుస్తకంలో చదివారట. తను మధ్యాహ్నం మూడు గంటలు పెట్టుకుంటే, రాత్రి నేను ఒక గంట ఓర్చుకుంటే చాలు, నాలుగవుతాయి.

"ఎవరి ముక్కయితే ఏంది? మిషన్‌కు గాలి పోవాల, గంటలు పడాల. నీ బస్సు నీకు రావాల," అన్నారు.

బాగా తిట్టాను. మోసం అన్నాను. నా మాస్కు ఎంగిలి చేశారని కూడా అన్నాను, పిన్ని పోలిక ఎక్కడికి పోతుంది. అంతా విని ఆయన మళ్లీ మాస్కు పెట్టుకుని పడుకున్నారు. నేను ప్లగ్గు పీకలేదు. అది ఇక్కడ ఒప్పుకోవాలి.

క్రోమ్‌వెల్

లిండిస్ కనుమ మీదుగా క్రోమ్‌వెల్. గోధుమరంగు గడ్డి కొండలు, మలుపు మీద మలుపు. ఆ దారిలో మూడుసార్లు కారు ఆపించి మా ఆయన చేత టీ తాగించాను, ఆవలింతలు అలా ఉన్నాయి. సోమరితనం అనుకున్నాను. ఇరవై రెండేళ్లుగా అలాగే అనుకుంటున్నాను. పెళ్లిళ్లలో, పేరెంట్స్ మీటింగుల్లో, ఒకసారి మా బావగారు ఇల్లు కొన్న సంగతి చెబుతుండగా ఆయన ముందే కూర్చుని నిద్రపోయిన మనిషి.

ఇక్కడ రోడ్డు పక్కన చెర్రీ పళ్లు పెట్టి, డబ్బులు వేయడానికి ఒక డబ్బా పెట్టి, మనిషి లేకుండా వదిలేస్తారు. మన దగ్గరయితే డబ్బా కూడా మిగలదని మా ఆయన జోకు వేశారు. నాకు నవ్వు రాలేదు. కాపలా లేని డబ్బాలో పదిహేను డాలర్లు లెక్కగా వేసి, గదికి వచ్చి, ఆయన మధ్యాహ్నం నిద్ర కోసం మిషన్‌లో నేనే నీళ్లు పోశాను.

ఓమరూ

తెల్లరాతి భవనాల ఊరు, సముద్రం, పొట్టి పెంగ్విన్లు. చూశాం. మూడో రోజు కూడా మూడు గంటలు పడ్డాయి. ఇంతకు మించి ఓమరూ గురించి నాకేమీ గుర్తు లేదు, ఓమరూ వాళ్లు మన్నించాలి.

ఆల్బనీ

ఇంటికొచ్చిన పది రోజులకు నెల పూర్తయింది. జలుబు ఎప్పుడో తగ్గింది, రాత్రికి ఏడు గంటలు పెట్టుకుంటున్నాను. కారులో నన్ను ఆల్బనీ తీసుకెళ్లి, మా ఆయన కూడా నా పక్కనే క్లినిక్ గదిలో కూర్చున్నారు. మెరే తెర మీద నా నెలంతా గీతలుగా తెరిచింది. చాలా బాగుందంది. ఒక్క రోజు తగ్గింది, ఫర్వాలేదంది. కాగితం బల్ల మీదే ఉంది, పెన్ను మూత తీసింది. అంతలో ఆగింది.

ఈ మూడు రోజులు ఏం జరిగింది అని అడిగింది. మధ్యాహ్నాలు పడుకున్నారా? మాస్కు మార్చారా? పక్కల నుంచి ఇంత గాలి పోయింది. మిషన్ తన బలమంతా పెట్టింది, అయినా ఊపిరి ఆగుతూనే ఉంది. మిగతా రోజుల్లో గంటకు మూడు నాలుగు సార్లు, ఈ మధ్యాహ్నాల్లో ముప్పై పైన. తర్వాత తనే దారి చూపించింది, బహుశా జలుబు చేసిందేమో అంది.

జలుబు నిజంగానే చేసింది. అవునని తల ఊపితే చాలు, అబద్ధం కూడా కాదు. సోమవారం నుంచి నా బస్సు నాది. మా ఆయన మోకాలితో నా మోకాలిని మెల్లగా తట్టారు.

ఇంత చెడ్డదా ఇది అని మెరేని అడిగాను. ఆమె తెర వైపే చూస్తూ, ఒకవేళ ఎవరైనా రోజూ ఇలాగే ఊపిరి పీలుస్తుంటే బస్సు సంగతి తర్వాత, వాళ్లను పార్కింగ్‌లోంచి కారు కూడా తీయనివ్వను అంది.

నాకు జెరాల్డిన్ దగ్గర గడగడలాడిన కారు గుర్తొచ్చింది. వెనక ఉన్న ఎండ గుర్తొచ్చింది. గ్రేమ్ పాల ట్యాంకర్ గుర్తొచ్చింది. లిండిస్ కనుమ మలుపులన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆరు రోజులు నేను ప్లగ్గులు వెతుక్కుంటూ, ఆయన్ని సోమరి అని తిట్టుకుంటూ, ఆ పక్క సీట్లో కూర్చున్నాను. నాకు చాలా భయం వేసింది, ఆ తర్వాత సిగ్గు వేసింది.

"అవి నావి కావు, ఆయనవి," అన్నాను.

మెరే పెన్ను కింద పెట్టింది. మా ఆయన తల వంచుకుని, సాయం చేద్దామనుకున్నానని ఇంగ్లీషులో చిన్నగా అన్నారు. ఆమె కోప్పడలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. ఈ రికార్డు మీద కాగితం రాయలేనంది. ఇంకో మూడు వారాలు, ఈసారి ఒక్క ముక్కుతోనే అంది. అప్పుడు ఆయన వైపు తిరిగి, నిద్ర ఎలా పడుతుంది, పగలు మత్తుగా ఉంటుందా అని అడగడం మొదలుపెట్టింది. ఇల్లు అదిరిపోతుందని నేను చెప్పలేదు. అడిగినవాటికి ఆయనే ఒక్కొక్కటిగా జవాబు చెప్పారు. పరీక్ష అయ్యి డాక్టరు సరేననే దాకా కారు నడపవద్దని ఆయనకూ చెప్పింది. లేచేటప్పుడు ఆ మీసం గురించి కూడా ఆలోచించుకోండి అంది.

పార్కింగ్‌లో కారు పక్కన నిలబడి ఆయన పాత అలవాటుగా తాళం నా చేతిలో పెట్టారు. నేనూ నడపకూడదు. ఇద్దరం తాళం వైపు చూశాం. కారును అక్కడే వదిలేసి బస్ స్టేషన్‌కు నడిచాం.

ఆల్బనీ నుంచి సిటీకి

నేను నడిపే రూటే. ఆ రోజు నా సీట్లో సియోనే ఉన్నాడు, టోంగా నుంచి వచ్చినవాడు, నాతోపాటే చేరాడు. ఎప్పుడొస్తున్నావని అడిగాడు. మూడు వారాలని చెప్పి కార్డు తాకించి, ముందు వరసలో కూర్చున్నాను. మా ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. బస్సు మా బస్సుల రోడ్డు ఎక్కింది. పక్కన మోటార్‌వేలో కార్లు బారులు తీరి నిలబడి ఉన్నాయి, ఎప్పుడూ చూసి మురిసిపోయే దృశ్యం. మొదటి స్టేషన్ రాకముందే ఆయన తల నా భుజం మీద పడింది.

ముందు గురక వచ్చింది. తర్వాత అది తెగిపోయింది. ఛాతీ కదలడం లేదు. ఇరవై రెండేళ్లలో ఈ నిశ్శబ్దాన్ని నేను ఎన్నిసార్లు హమ్మయ్య అనుకున్నానో. ఒకటి, రెండు అని లెక్కపెట్టాను. పద్నాలుగు దాకా వచ్చేసరికి ఉండబట్టలేక మోచేత్తో పొడిచాను. పెద్దగా గాలి పీల్చుకుని కళ్లు తెరిచారు.

"ఏంది పద్మా, ఎందుకు పొడుస్తాండావు? నిద్ర కాదు, కళ్లు మూసుకున్నా అంతే."

"సరేలెండి, మూసుకోండి. నేను చూస్తాంటా," అన్నాను.

సిటీ వచ్చేలోపు తొమ్మిదిసార్లు పొడిచాను. ఈ రూటులో ఏ స్టేషన్ తర్వాత ఏది వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ రోజు మాత్రం ఏ స్టేషన్ ఎప్పుడు దాటామో నాకు తెలియదు.